తూకానికి ముందు

ఇంకా అరకిలో. బజారులో అయితే అరకిలో అంటే రెండు మామిడిపళ్ళు, ఒక పూట బియ్యం. ఉన్నదంతా ముందే తీసేసిన ఒంట్లోంచి ఇంకో అరకిలో తియ్యాలంటే మాత్రం ఆరిన బట్టను మళ్ళీ పిండడమే, అనుకున్నాడు ఎలాదియో కసియాని. అద్దాలన్నీ బిగించిన టాక్సీ వెనక సీట్లో కూర్చున్నాడు. మెడ నుంచి చీలమండల దాకా ప్లాస్టిక్ అంగీ, దాని మీద రెండు స్వెట్టర్లు, నెత్తిన ఉన్నిటోపీ. బర్రాంకియా ఎండ కారు కప్పు మీద కూర్చుని మెల్లగా లోపలికి దిగుతోంది. అది చాలదన్నట్టు బావమరిది తొబియాస్ హీటరు కూడా పెట్టి పోయాడు. ఆ ఊళ్ళో హీటరుతో ఎవరికేం పని, తయారైన నాటినుంచి ఎవరూ తిప్పని మీట అది. తిప్పగానే మొదట బూజు వాసన, తర్వాత కాలిన రబ్బరు వాసన, ఆ తర్వాత కుంపటి మూత తీసినట్టు సెగ. తొబియాస్ మాత్రం బయట బాదం చెట్టు నీడలో స్టూలు వేసుకుని కూర్చున్నాడు. కాసేపటికోసారి లేచొచ్చి అద్దానికి ముక్కు ఆనించి చూస్తాడు. "బావా, బతికున్నావా?" అని కేకేస్తాడు. ఎలాదియో బొటనవేలు ఎత్తుతాడు. "ఉమ్ము బావా, ఉమ్ము! ఉమ్మూ బరువే!" అంటాడు వాడు. ఎలాదియో నోట్లో చూయింగ్ గమ్ నములుతూ చేతిలోని సీసాలోకి ఉమ్మడానికి చూస్తాడు. ఉమ్ము రావడం ఎప్పుడో మానేసింది. దారంలాంటిది ఏదో వచ్చి, పెదవికే అంటుకుని, తెగక వేలాడుతుంది.

రోడ్డుకు అవతల క్రీడాభవనం. మధ్యాహ్నం అందులోనే తూకం, బరువు గీత దాటకపోతే రేపు అందులోనే బాక్సింగు పోటీ. గోడ పొడుగునా పోస్టరు. అందులో పెద్ద బొమ్మ కుర్రాడిది, కీనెర్ మర్రూగో, కిందటి ఒలింపిక్స్ నుంచి రజత పతకంతో వచ్చినవాడు, డబ్బుల బాక్సింగులోకి దిగి ఇంకా ఏడాది తిరగనివాడు. చిన్న బొమ్మ తనది. ఎప్పటిదో పాత ఫోటో, అందులో ముక్కు ఇంకా తిన్నగానే ఉంది. పేరు కింద 'ఒలింపిక్ పతక విజేత' అని పసుప్పచ్చ అక్షరాలు. పన్నెండేళ్ళుగా ఎక్కడ పోస్టరు వేసినా ఆ మాట మాత్రం వదలరు. చచ్చిపోతే సమాధి మీద కూడా అదే రంగుతో రాస్తారేమో. నీళ్ళ సంచులమ్మేవాడు కారు పక్కనుంచి పోతున్నాడు. "చల్లని నీళ్ళు! చల్లగా ఉన్నాయి నీళ్ళు!" వాడి భుజం మీది పెట్టెలోంచి చుక్కలు కారి తారురోడ్డు మీద పడి పడకముందే ఆరిపోతున్నాయి. ఎలాదియో కళ్ళు మూసుకున్నాడు. నీళ్ళ గురించి ఆలోచించకూడదు. ఇంకేదైనా. అమ్మ. అమ్మ కూడా అలాగే అరుచుకుంటూ తిరిగేది, సొంతూరు పలేంకె నుంచి తెల్లారేసరికి కార్తహేనా బస్సెక్కి, నెత్తి మీద అల్యూమినియం బేసినుతో సముద్రపొడ్డున. పేలాలు, కొబ్బరికోరు, బెల్లంపాకం కలిపి చుట్టిన ఉండలు. వాటికి అక్కడి పేరు 'సంతోషం'. "సంతోషం! సంతోషం కొనండమ్మా!" సాయంత్రం బేసిను దించి, కాళ్ళు చాపుకుని, "ఇవాళ సంతోషం ఎవరికీ అక్కర్లేదంట్రా, తినెయ్యండి" అనేది. పిల్లలు ఎగబడేవాళ్ళు. బెల్లం పళ్ళకు అంటుకునేది. ఆ జిగురు ఇప్పుడు నాలుక మీద ఉంది. నోట్లో తడి లేనప్పుడు తీపి గుర్తు రాకూడదు, తీపి గుర్తొస్తే దాహం రెండింతలవుతుంది. ఇంకేదైనా.

అన్సెల్మో మాస్టారు. చేపల మార్కెట్టు వెనక రేకుల షెడ్డు, దూలానికి వేలాడే లారీ టైరు, ఒక మూల బొగ్గుల బస్తా. మాస్టారు కుర్రాళ్ళందరికీ తెల్ల బనీన్లు తొడిగి, గ్లవ్సుకు బొగ్గుపొడి పూసి వదిలేవాడు. గంట కొట్టాక వరసగా నిలబెట్టి మచ్చలు చూసేవాడు. "మచ్చ పడకుండా ఇంటికెళ్ళినవాడే బాక్సరు. మిగతా వాళ్ళంతా మీ అమ్మలకి బట్టలుతికే పని పెట్టే వెధవలు." ఎలాదియో బనీను మీద ఎప్పుడో గాని మచ్చ పడేది కాదు. మాస్టారు మెచ్చుకునేవాడు కాదు, బనీనును వెలుతురుకు ఎత్తి పట్టుకుని, అటూ ఇటూ తిప్పి, మెడకింద ముక్కు పెట్టి చూసి, "ఊఁ" అనేవాడు. ఆ ఒక్క 'ఊఁ' కోసం ఒళ్ళంతా కాళ్ళు చేసుకుని ఆడేవాడు తను. తగిలించు, తగలనీకు. ఒలింపిక్స్‌లో అదే ఆట. మూడే రౌండ్లు, తలకు తొడుగు, ఒంటి మీద బనీను, చేతుల్లో దూది కుక్కిన పెద్ద గ్లవ్స్. తగిలిన ప్రతి దెబ్బకూ ఎవరో ఒక పాయింటు వేసేవారు, గట్టిగా తగిలినా మెత్తగా తగిలినా ఒకటే. మూడు రౌండ్లు తన కాళ్ళు నేల మీద ఆగలేదు. ముగ్గురిని దాటాడు. సెమీఫైనల్లో ఒక కజక్ కుర్రాడి దగ్గర చిన్న తేడాతో ఆగాడు. కాంస్యం. వేదిక మీద నిలబడినప్పుడు ఇనుప రుచి నోట్లోకి వచ్చిందని జ్ఞాపకం. పతకం కొరకమన్నారు ఫోటోవాళ్ళు, కొరికాడు. ఊళ్ళో ఫైరింజను మీద ఊరేగించారు. ఎన్నికల్లో నిలబడ్డ పెద్దమనిషి ఒకాయన స్టేజీ మీద మనిషెత్తు అట్ట తాళంచెవి చేతిలో పెట్టి, ఇల్లు కట్టిస్తానన్నాడు. అమ్మ ఆ తాళంచెవిని రెండు చేతుల్తో మోసుకొచ్చి గోడకు తగిలించింది. ఇల్లు రాలేదు. వానాకాలం కప్పు కారితే అదే అట్టను అడ్డం పెట్టుకున్నారు. రెండు వానలు ఆగింది, పాపం, గట్టి అట్టే.

"బావా! బతికున్నావా?" బొటనవేలు ఎత్తాడు. చెయ్యి ఎత్తడం కూడా ఎవరో వేరేవాళ్ళ చెయ్యి ఎత్తినట్టుంది. చెమట మొదట వాగులా వచ్చింది, ఇప్పుడు చుక్కచుక్కగా వస్తోంది. చెమట ఆగితే ప్రమాదమని ఎవరో చెప్పారు. ఎవరు? దోన్ ఉర్బానోనా? కాదు, ఆయన ప్రమాదం సంగతి ఎప్పుడూ చెప్పడు. డబ్బుల పోటీలు పెట్టించే దోన్ ఉర్బానో ఇంటికి రావడమే ఫ్రిజ్‌తో వచ్చాడు, లారీలో. వీధంతా చూస్తుండగా ఇద్దరు మనుషులు దాన్ని దించారు. అమ్మ తలుపు తీసి, లోపలి చలిలో చెయ్యి పెట్టి, పెట్టిన చెయ్యి పెట్టినట్టే ఉంచేసింది. "పతకం కడిగి తాగుతారామ్మా? నా దగ్గరికి పంపండి మీవాణ్ణి" అన్నాడాయన నవ్వుతూ. అన్సెల్మో మాస్టారు మాత్రం షెడ్డు గుమ్మం దాటి రాలేదు. "పోతావా, పో. అక్కడ తొడుగుండదు, బనీనుండదు. చిన్న గ్లవ్స్, పది రౌండ్లు. మచ్చ పడకుండా ఆడేవాణ్ణి చూడ్డానికి అక్కడ ఎవడూ టిక్కెట్టు కొనడు. మచ్చ చూడ్డానికే కొంటాడు." తనేమో ఫ్రిజ్‌లో ఐసు గడ్డకట్టిందో లేదో చూడ్డానికి ఇంటికి పరుగెత్తాడు. ఐసు. మళ్ళీ నీళ్ళ దగ్గరికే వచ్చింది ఆలోచన. ఎటు తిప్పినా గాడిద నూతి దగ్గరికే పోతుంది.

మొదటి డబ్బుల పోటీ పనామాలో. ఎప్పటిలాగే ఆడాడు. తగిలించాడు, తప్పుకున్నాడు, తగిలించాడు, చుట్టూ తిరిగాడు. అవతలివాడి గుద్దులన్నీ గాలికే పోయాయి. అన్ని రౌండ్లూ తనవే. గెలిచాడని చెయ్యెత్తేసరికి జనం అరుస్తున్నారు. మెచ్చుకుంటున్నారనుకున్నాడు. ప్లాస్టిక్ గ్లాసు ఒకటి వచ్చి చెవికి తగిలాక అర్థమైంది. "డాన్సు మాస్టారూ, నీ గౌనేదీ?" అని ఎవడో అరిచాడు, పక్కనున్నవాళ్ళు విరగబడి నవ్వారు. గదిలోకొచ్చాక దోన్ ఉర్బానో పక్కన కూర్చుని, కోప్పడలేదు, తండ్రిలా భుజం మీద చెయ్యేశాడు. "బ్రహ్మాండంగా ఆడావు నాన్నా. కానీ వీళ్ళు ఆట చూడ్డానికి రారు, ఏం? రేపటినుంచి ఆ కాళ్ళు కాస్త నేలకి అతికించు. నిలబడు. ఒకటి తిను, రెండివ్వు." కొత్త కోచ్‌ని పెట్టాడు. ఆ కోచ్ తన రెండు కాళ్ళకీ మధ్య తాడు కట్టి సాధన చేయించాడు. ఒకటి తిన్నాడు, రెండిచ్చాడు. జనం లేచి నిలబడ్డారు. నిజం చెప్పాలంటే ఆ అరుపు బాగానే ఉండేది, ఒంట్లోకి సారాలా ఎక్కేది. తిన్న ఆ ఒకటి ఎక్కడికి పోతుందో ఆలోచించలేదు. అది ఎక్కడికీ పోలేదు. లోపలే ఉండిపోయింది, ఒక్కొక్కటీ. కొన్నాళ్ళు గెలుపులు. ఛాంపియన్ బెల్టు పోటీకి పిలుస్తారన్నారు. టెక్సాస్‌లో ఒక ఎడమచేతివాడు పక్కటెముకల కింద కొట్టిన దెబ్బకు మోకాళ్ళ మీద కూలాడు. పడ్డవాడు లేచాడు గాని పిలుపు మళ్ళీ రాలేదు. వేరే పిలుపులు వచ్చాయి: మెక్సికోలో ఒక కుర్రాడున్నాడు, బాగా పైకొస్తున్నాడు, వాడికి ఒక ఒలింపిక్ పతకంవాడు కావాలి. పోర్తోరికోలో ఒకడున్నాడు, వాడికీ కావాలి. తనను ఓడించినవాడి పేరు పక్కన 'ఒలింపిక్ పతక విజేతను మట్టి కరిపించినవాడు' అని రాసుకుంటారు. అందుకు పనికొస్తుంది ఆ కాంస్యం. పెళ్ళికూతుర్ని పల్లకీ ఎక్కించడానికి వేసే పీటలాగా, అందరూ తన మీద కాలుపెట్టి ఎక్కుతున్నారు. పీట మాత్రం ఉన్నచోటే ఉంది. ఈసారి ఈ పోస్టరు మీది కుర్రాడితో ఆడ్డానికి ఒప్పుకున్నవాడెవడో చెయ్యి విరగ్గొట్టుకున్నాడట, పట్టుమని పదిరోజులు లేవు. దోన్ ఉర్బానో ఫోన్ చేసి "బరువు దిగుతావా నాన్నా?" అని ఇంకా పూర్తిగా అడగనే లేదు, తన నోరు "దిగుతాను" అనేసింది. పెళ్ళాం నూబిస్ పొయ్యి దగ్గర నిలబడి చూసింది. గరిటె చేతిలోనే ఉంది.

నూబిస్ ఇప్పుడేమీ అనదు. అనే రోజుల్లో పళ్ళేలు కూడా విసిరింది, తమ్ముణ్ణి కూడా తిట్టింది, "నువ్వే తీసుకెళ్తున్నావ్‌రా చావుకి" అని. ఇప్పుడు ముందే అందిస్తుంది. తను బల్ల దగ్గర కూర్చుని "నూబిస్, అది ఇలా ఇవ్వు, అదే, అది" అంటాడు, ఆ వస్తువు కళ్ళముందే ఉంటుంది, ఉప్పుడబ్బా, పేరు మాత్రం తలుపు వెనక దాక్కున్న పిల్లాడిలా నవ్వుతూ ఉంటుంది, బయటికి రాదు. ఆవిడ చేతిలో పెడుతుంది. కిందటి నెల కూతుర్ని తీసుకురావడానికి స్కూలుకెళ్ళాడు. గేటు దగ్గర టీచరు "ఏ పిల్లండీ?" అంది. నా కూతురు. "అదేనండీ, పేరు?" నా కూతురండీ, నా కూతురు. చుట్టూ తల్లులు చూస్తున్నారు. సరాయ్ తనే పరిగెత్తుకుంటూ వచ్చి నడుం పట్టుకుంది. దారంతా దాని చెయ్యి పట్టుకుని సరాయ్, సరాయ్, సరాయ్ అని లోపల అనుకుంటూనే నడిచాడు. "ఎందుకు నాన్నా పెదాలు కదుపుతున్నావ్?" అంది. ప్రార్థన తల్లీ, అన్నాడు. ఇప్పుడు చూద్దాం. ఒలింపిక్స్‌లో దాటిన ముగ్గురు. మొదటివాడు ఐర్లండువాడు, ఎర్రజుట్టు. రెండోవాడు మొరాకో. మూడో... మూడోవాడికి ఛాతీ మీద పచ్చబొట్టు, కాదు, బనీనుంటుంది కదా, పచ్చబొట్టు ఎలా కనిపిస్తుంది, వాడు తర్వాత డబ్బుల పోటీలో, మనాగ్వాలో తనను కొట్టినవాడు. మూడో వాడెవడు? వేడికి ఇలా అవుతోంది. వేడి తగ్గితే గుర్తొస్తుంది. ఈ అరకిలో దిగకపోతే బాగుండు. ఆ ఆలోచన ఎక్కడినుంచి వచ్చిందో గాని వచ్చి పక్కన కూర్చుంది, చల్లగా. దిగకపోతే పోటీ లేదు. తన తప్పు లేదు. ఒళ్ళే ఒప్పుకోలేదు, ఏం చెయ్యను దోన్ ఉర్బానో? నూబిస్ గరిటె కింద పెడుతుంది. ఒళ్ళా, ఒక్కసారి నా మాట విను, మొండికెయ్యి. కానీ ఈ ఒళ్ళు ఏనాడూ మొండికెయ్యలేదు. లెమ్మంటే లేచింది, పరిగెత్తమంటే పరిగెత్తింది, తినమన్న దెబ్బలన్నీ తింది. పెంపుడు కుక్కలాంటిది, చెప్పింది చేస్తుంది. చెప్పేవాడు ఎవడన్నది దానికి పట్టదు. మోచేతి దగ్గర అంగీలోంచి చెమట మళ్ళీ కారడం మొదలైంది.

తలుపు తెరుచుకుంది. బయటి ఎండ లోపలి సెగ ముందు సముద్రపు గాలిలా తగిలింది. తొబియాస్ రెండు చంకల కింద చేతులేసి లేపాడు. "నడుస్తావా బావా?" నడిచాడు. భవనంలో ఫ్యాన్లు, కెమెరాలు, పొట్టి లాగుల్లో నవ్వుతున్న అమ్మాయిలు, మైకు. బట్టలన్నీ విప్పి లోదుస్తులతో తూకం ఎక్కాడు. ఊపిరి బిగబట్టాడు, ఊపిరికి బరువుండదని తెలుసు, అయినా అందరూ బిగబడతారు. ముల్లు ఊగింది. ఊగి, ఊగి, గీత మీద ఆగింది. సరిగ్గా గీత మీద. మైకులో పేరు చదివారు, 'ఒలింపిక్ పతక విజేత' అన్నారు. తొబియాస్ గెలిచినట్టే గంతేశాడు. "అది మా బావంటే! అది!" ఎలాదియో ముల్లు వైపు చూస్తూ ఉండిపోయాడు.

ఇద్దర్నీ ఎదురెదురుగా నిలబెట్టారు, ముక్కుకి ముక్కు, ఫోటోల కోసం. కోపంగా చూడాలి. కీనెర్ మర్రూగో కనుబొమలు ముడిచి, దవడ బిగించి, పెదాలు కదలకుండా గుసగుసగా అన్నాడు, "మాస్టారూ, నమస్కారం."

ఎలాదియో చూశాడు. కుర్రాడి మొహం మీద ఒక్క గీటు లేదు.

"నేనూ అన్సెల్మో మాస్టారి దగ్గరే నేర్చుకున్నా. ఆఖరి బ్యాచి. పోయేముందు కూడా మీ పాత పోటీల వీడియో పెట్టించుకుని చూసేవారు. కసియాని కాళ్ళు చూడండ్రా, మొహం తర్వాత చూద్దురుగాని, అనేవారు."

"ఇటు, ఇటు చూడండి! పిడికిళ్ళు!" అని ఫోటోవాళ్ళు అరిచారు. ఇద్దరూ పిడికిళ్ళెత్తారు.

"ఒక్కమాట మాస్టారూ," కుర్రాడి గొంతు ఇంకా తగ్గింది, కళ్ళు మాత్రం చంపేసేలా చూస్తున్నాయి, కెమెరాల కోసం. "మా కోచ్ కాళ్ళకి తాడు కడుతున్నాడు. ఎక్కువ కదులుతున్నానంట. నిలబడి కొట్టాలంట. మీకూ అలాగే చెప్పారా? వినొచ్చా?"

ఎలాదియో నోరు తెరిచాడు. చెప్పాలి. వద్దురా, తాడు తెంపెయ్, ఆ షెడ్డుకి పో, చేపలమ్ముకో, ఏదైనా చెయ్. నాలుక పైదవడకు అతుక్కుని ఉంది. మాట ఉంది, గొంతులోనే ఉంది, ఉప్పుడబ్బాలాగా కళ్ళముందే ఉంది. గర్‌మని ఒక చప్పుడు వచ్చింది, అంతే. కుర్రాడు దాన్ని బెదిరింపనుకున్నాడో, వేళాకోళమనుకున్నాడో, కళ్ళతో చిన్నగా నవ్వాడు. దోన్ ఉర్బానో ఇద్దరి మధ్యకూ వచ్చి ఇద్దరి భుజాల మీదా చేతులేశాడు. అదే చెయ్యి, అదే బరువు. "నా బిడ్డలిద్దరూ!" అన్నాడు మైకులోకి. ఎలాదియోకి అంతవరకూ తట్టనే లేదు, కుర్రాడు కూడా ఆయన మనిషేనని.

తొబియాస్ నీళ్ళ సంచి మూల కొరికి నోటికి అందించాడు. మొదటి గుక్క మింగుడు పడలేదు, గడ్డం మీదుగా కారిపోయింది. రెండోది దిగింది. మూడోది. నాలుక ఊడి వచ్చింది, దానితో పాటు మాటలన్నీ వచ్చాయి, వరసగా, ఒక్కటీ తప్పకుండా, వినొద్దురా నాయనా, తిన్నవి ఎక్కడికీ పోవు, లోపలే ఉంటాయి, కూతురి పేరు మీద కూర్చుంటాయి. "వాడేడీ?" అన్నాడు. "ఎవడు బావా?" సంచి పారేసి, లోదుస్తుల మీదే తలుపు దాకా పరిగెత్తాడు. మెట్ల దగ్గర నల్ల అద్దాల వ్యాను బయల్దేరుతోంది. చెయ్యి ఊపాడు. అద్దం సగం దిగింది; కుర్రాడు నవ్వుతూ బొటనవేలు ఎత్తి చూపించాడు. వ్యాను మలుపు తిరిగింది. దారినపోయే ఆడవాళ్ళు లాగుతో నిలబడ్డ మనిషిని చూసి నోళ్ళు మూసుకున్నారు. "ఏమే, ఈ మామ ఎవర్ని తరుముతున్నాడే?" అంది ఒకతె.

వీధి చివర పూటకూళ్ళ దుకాణంలో, చేపా కర్రపెండలం అరటికాయా వేసి కాచిన పులుసు గిన్నె ముందు, తొబియాస్ చెబుతూనే ఉన్నాడు, వాడి ఎడమచెయ్యి కిందికి జారుతోంది, మూడోదో నాలుగోదో రౌండులో కుడితో పట్టుకోవచ్చు, నువ్వు నిలబడి కాచుకో చాలు, అని. ఎలాదియో తింటూ ఆలోచిస్తున్నాడు. తను ఓడిపోతే కుర్రాడు నమ్ముతాడు, నిలబడి కొడితేనే గెలుస్తామని. తను గెలిస్తే కుర్రాడు రేపటినుంచే పీట అవుతాడు. దోన్ ఉర్బానో ఆ తర్వాత ఇంకొకడి కోసం వాణ్ణి వేస్తాడు. ఓడినా గెలిచినా ఆ చెయ్యి ఏదో ఒక భుజం మీద ఉంటుంది. చెప్పడానికి నోరు అందలేదు. ఇక మిగిలింది రేపే.

"నేను నిలబడను," అన్నాడు.

"అంటే?"

"ఆడతాను. మాస్టారి ఆట. మూడు రౌండ్లు. తగలనివ్వను."

తొబియాస్ చెంచా దించాడు. "జనం ఊరుకుంటారా బావా? గోల చేస్తారు. గ్లాసులు పడతాయి."

"పడనీ. వాడు చూడాలి. తాడు లేకుండా ఎలా ఉంటుందో ఒక్కసారి ఎదురుగా నిలబడి చూడాలి."

"సరే, చూశాడు. మూడు రౌండ్లు అయ్యాయి. ఆ తర్వాత?"

ఎలాదియో బల్ల కింద కాళ్ళు కదిపి చూసుకున్నాడు. పిక్కల్లో ఆ పాత అడుగులు ఇంకా ఉన్నాయి, మూడు రౌండ్లకు సరిపడా ఉన్నాయి, ఒలింపిక్స్‌లో ఉన్నన్నే, ఎక్కువా లేవు, తక్కువా లేవు. రేపటి పోటీ పది రౌండ్లు. పదిలోంచి మూడు తీస్తే ఎంత? చిన్న లెక్కే. పులుసు చల్లారుతోంది, తొబియాస్ జవాబు కోసం చూస్తున్నాడు, ఎలాదియో చెంచా గిన్నెలో నిలబెట్టి, పెదాలు కదుపుతూ, ఆ లెక్క చేస్తూ కూర్చున్నాడు.